పైడమ్మ వెనక గడి

మా గౌరునాయుడు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరేమడిగినా నోటితో జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడి వైపు కీబోర్డు జరిపేవారు, అంతే.

రాజాంలో జెరాక్సు కొట్టు మీద గదిలో ఆయన మాకు గ్రాఫ్ డేటా నేర్పేవారు. పేరు పెద్దదే గానీ, అందులో ఉండేవి చుక్కలూ గీతలే. మనుషులు చుక్కలు, వాళ్ళ సంబంధాలు గీతలు. ఏది కావాలన్నా ప్రశ్న రాసి అడగాలి. ఒకటే చిక్కు, చుక్కలకి వరస తెలీదు. పేర్లన్నీ ఇమ్మంటే కంప్యూటరు ఎలా పడితే అలా ఇస్తుంది. వరస కావాలంటే మనమే కట్టాలి. ఒక్కో పేరుకి ఒక గడి చేసి, ఆ గడి నుంచి రెండు గీతలు గియ్యాలి. ఒకటి ఆ మనిషికి, ఇంకోటి తర్వాతి గడికి. మొదటి గడి పట్టుకున్నామంటే గీత వెంట గీత చివరిదాకా పోవచ్చు.

ఆ ఏడు విశాఖపట్నం నుంచి ఒక కంపెనీ వాళ్ళు, మీ దగ్గర పని వచ్చినవాళ్ళ పేర్లు వరసగా పంపండి, పైనుంచి నలుగుర్ని తీసుకుంటాం అన్నారు. మాస్టారు ఏడుగురి వరస కట్టారు. పైడమ్మది నాలుగో గడి. పోలినాయుడిది అయిదోది.

పోలినాయుడు రెండేళ్ళ నుంచి వస్తున్నాడు. పొద్దున్నే గది తాళం తీసేది అతనే. పైడమ్మ వచ్చి ఆరు నెలలే. మాస్టారు పూటకి ఎన్నిసార్లు ఆమె పేరెత్తారో అతను లోపల్లోపల లెక్కెట్టుకునేవాడు. అది మాతో చదివే సింహాచలం కనిపెట్టేశాడు. సాయంత్రం చెప్పులేసుకుంటూ, "ఏట్రా పోలీ, ఇవాళ ఎన్నయ్యాయి?" అనేవాడు. పోలినాయుడు గబగబా మెట్లు దిగిపోయేవాడు. ఆమె ఇంటి నుంచి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తెచ్చి అందరికీ పంచేది. అతను తన వాటా జేబులో పోసుకుని, దిగేటప్పుడు మెట్ల పక్కన పారేసేవాడు. నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు.

పేర్లు పంపాల్సిన రోజు వచ్చింది, పన్నెండింటికల్లా పంపెయ్యాలి. పదకొండు దాటాక అతను మాస్టారి దగ్గరికెళ్ళి మెల్లగా అడిగాడు.

"మాస్టారూ, ఆ అమ్మాయి లేకపోతే నాలుగోది నేనే గదండీ?"

మాస్టారు అతని మొహం కాసేపు చూశారు. కీబోర్డు జరిపారు.

కాగితం మీద ఒక పేరు కొట్టేస్తే కిందవాళ్ళు పైకి జరుగుతారు. ఇదీ అంతే అనుకున్నాడు పోలినాయుడు. పైడమ్మ గడిని, దాని గీతలతో సహా, తీసెయ్యమని రాసి నొక్కాడు. మొదటి గడి నుంచి వరస చదవమన్నాడు. మూడు పేర్లు వచ్చాయి. ఆ కింద ఏమీ లేదు. మళ్ళీ నొక్కాడు. మూడే.

అప్పుడే పైడమ్మ మెట్లెక్కి వచ్చింది, చేతిలో పొట్లం. "పోలన్నా, లిస్టు వెళ్ళిపోయిందేటి?" అంది.

అతను గబుక్కున లేచి తెరకి అడ్డంగా నిలబడ్డాడు. "లేదమ్మా," అన్నాడు. ఆమెని అమ్మా అనడం అదే మొదలు. ఆమె అతని వాటా కాయలు కీబోర్డు పక్కన పోసి, వెళ్ళి తన చోట కూర్చుంది.

"మాస్టారూ, నా పేరు పోయింది," అన్నాడు, పైడమ్మకి వినబడకుండా.

"ఎక్కడికి పోద్ది?" మాస్టారు వంగి, పోలినాయుడి గడికి ముందు ఏ గడి ఉందో చెప్పమని తనే రాశారు. తెర మీద ఏమీ రాలేదు. "ఉన్నావురా. నీ ముందు ఎవరూ లేరు, చూసుకో."

కీబోర్డు మళ్ళీ అతని వైపు జరిపారు. ఇంకో పావుగంట ఉంది.

పోలినాయుడికి అప్పటికి అర్థమైంది, తన గడికి వచ్చే గీత పైడమ్మ గడితోనే పోయిందని. మూడో గడి నుంచి తన గడికి ఒక గీత గీస్తే చాలు, నాలుగోవాడు తనే. ఆ గీత సగం రాశాడు కూడా. రాసి ఆగాడు. ఆ వైపు చూస్తే పైడమ్మ వంగి నోట్సు రాసుకుంటోంది. ఎప్పట్లాగే ఒళ్ళు మండింది అతనికి. అది నాకు నేను కూర్చున్న చోటి నుంచే కనబడింది.

రాసింది చెరిపేశాడు. కొత్త గడి ఒకటి చేశాడు. మూడో గడి నుంచి దానికొక గీత. దాన్నుంచి పైడమ్మకి ఒక గీత. ఆమె పేరు టైపు చేసేటప్పుడు దవడ బిగుసుకుంది. చివరికి, దాన్నుంచి తన గడికి ఒక గీత. చదవమన్నాడు. ఏడు పేర్లూ వచ్చాయి. నాలుగు ఆమె. అయిదు తను.

పంపేసి, ఒక కాయ వలిచి నోట్లో వేసుకున్నాడు. ఎవరి వైపూ చూడలేదు.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నారు: "మూడు గీతలు గీశావేంట్రా. ఒక్కదాంతో అయిపోయేది గదా."