కొండ చూడ్డానికొచ్చిన పానకాలు

అనగనగా గోదారి పక్కన ఒక కొండ, ఆ కొండ మీద పదిళ్ళ గూడెం. ఊఁ కొట్టు మరి, ఊఁ కొట్టకపోతే నేను ఆపేస్తాను. దాని చుట్టూ సర్కారు కాపలా ఉన్న అడవి. నేషనల్ పార్కు అంటారే, అది. అక్కడ పుల్ల విరిచినా తప్పే.

ఆ గూడెంలో గంగులమ్మ అని ఒక ముసలావిడ ఉండేది. కొండలు చూడ్డానికొచ్చిన వాళ్ళకి గది ఇచ్చి, ఇంత వండి పెట్టేది. ఆవిడింట ఒక పద్ధతి ఉంది. ఆ రోజు కొండ మీద ఏం చూశారో ఒక్కటి చెప్పాలి. చెప్పాకే అడ్డాకు విస్తట్లో అన్నం పడేది.

ఒక ఎండాకాలం పట్నం నించి పానకాలు అనేవాడొచ్చాడు. కొండ అందాలు చూస్తానన్నాడు. చేతిలో గుడ్డ కప్పిన బుట్ట. గంగులమ్మ మెల్లిగా గుడ్డ ఎత్తి చూసింది. ఖాళీ. కొండ చూడ్డానికొచ్చినవాడికి ఖాళీ బుట్టెందుకు చెప్పు? నాకైతే అక్కడే అనుమానం వచ్చేది. ఆవిడకీ వచ్చింది.

మొదటిరోజు తిరిగొచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు.

"ఏం సూసేవు బాబూ?"

"జలపాతం చూశానమ్మా, ఏం హోరు!"

ఆ జలపాతం ఎండిపోయి రెండు నెలలైంది. అయినా గంగులమ్మ వడ్డించింది.

రెండోరోజు "పొద్దు గోదాట్లో మునగడం చూశాను" అన్నాడు. ఆ గూడెంలో పొద్దు గోదాట్లో పొడుస్తుందే గానీ మునగదు. వీడు కొండనీ చూడలేదు, గోదారినీ చూడలేదు. మరి దేన్ని వెతుకుతున్నాడు? ఆవిడకి ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు.

మూడోరోజు వాడి కళ్ళు మిలమిలలాడుతున్నాయి. "ఎండుచెట్టు తొర్రలో మూడు గోరింక పిల్లలమ్మా. అంచుకొచ్చి తొంగి చూస్తున్నాయి" అన్నాడు.

అదీ వాడు చెప్పిన మొదటి నిజం. ఆ నిజానికే గంగులమ్మ గుండె జారిపోయింది. కొండ గోరింకలు మనిషి గొంతు దించేస్తాయి నాన్నా. అందుకే పట్టుకుపోయి పంజరంలో పెడతారు. అలా పట్టగా పట్టగా ఆ కొండకి మిగిలింది ఒక్క జంట, ఆ మూడు పిల్లలూ. అవంటే ఆవిడకి ప్రాణం.

పొమ్మంటే దొంగదారిన వస్తాడు. అడవి కాపలా గార్డుకి చెబుదామంటే అతను రావడానికి ఇంకా నాలుగు రోజులుంది. కానీ పిల్లలు అంచుకొచ్చాయంటే రెండు రోజుల్లో ఎగురుతాయని ఆవిడకి తెలుసు. ఆ రెండు రోజులూ వీణ్ణి ఆపాలి.

అప్పుడు కూర వడ్డిస్తూ, ఊరికే అన్నట్టు అంది. "పిట్టలు పట్టేవోళ్ళు కూడా పిల్లల్ని ఇప్పుడే గూట్లోంచి తియ్యరు బాబూ. ఇంకో రెండ్రోజులు తల్లి గొంతు ఇనకపోతే పిల్లకి జన్మలో మాట రాదు."

"అలాగా" అన్నాడు పానకాలు, తనకేం పట్టనట్టు. పిట్టల సంగతి వాడికి బొత్తిగా తెలీదు. ఎవరో షావుకారు తెమ్మంటే వచ్చాడంతే. బుట్ట తీసి మూల పెట్టేశాడు.

ఆ రెండు రోజులూ ఆవిడ వాడి బుట్ట వంక చూడ్డం, వాడు ఆవిడ మొహం వంక చూడ్డం. ఇద్దరికీ ముద్ద దిగితే ఒట్టు.

ఆ తర్వాత తెల్లారగట్ల వాడు బుట్ట పట్టుకుని వెళ్ళాడు. పిల్లలు ఎగిరాయో లేదో, తన అంచనా తప్పిందేమో అని గంగులమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. పొయ్యి మీద అన్నం మాడింది.

పొద్దెక్కాక పానకాలు వచ్చాడు. బుట్ట మీద గుడ్డ కప్పే ఉంది.

"ఏం సూసేవు బాబూ?" అంది.

"నేను చెట్టెక్కేసరికి ఒకటి ఎగిరింది. తర్వాత రెండోది. మూడోది చెయ్యి చాస్తే అందేంత దగ్గర కూర్చుని, కాసేపు నన్నే చూసి, అదీ ఎగిరిపోయింది."

"మరి తల్లి?"

"వాటి వెనకే, అరుచుకుంటూ."

గంగులమ్మ నమ్మలేదు. లేచి బుట్ట మీద గుడ్డ తీసింది. ఖాళీ. అప్పుడు ఆవిడకి ఏడుపొచ్చింది. చెంగుతో కళ్ళు తుడుచుకుని మాడని అన్నం ఏరి వాడికి వడ్డించింది.

పానకాలు ముద్ద కలుపుతూ ఆగాడు. "నాకు అబద్ధం చెప్పావు కదమ్మా" అన్నాడు.

"నువ్వు రెండు సెప్పేవు. నేను ఒకటే సెప్పేను" అంది గంగులమ్మ. "తిను."

కథేమో కంచికి,
గోరింకలు కొండకి,
నిద్దరేమో నీ కంటికి.