గ్యాస్ పెట్టెకు పడిశం

నల్లతుమికి అడవిలో ఏనుగులు, ఎలుగుబంట్లు, కుందేళ్ళు, ముంగిసలు, కోతులు కలిసి ఉండేవి. తుమికి పండు ఎప్పుడైనా తిన్నారా? సపోటాకి చిన్న చెల్లెలిలా ఉంటుంది. ఆ చెట్లు అక్కడ లెక్కలేనన్ని.

ఆ అడవిలో వానలు ఎక్కువ. కట్టెలు తడిసిపోయి, పొగే తప్ప మంట వచ్చేది కాదు. అందుకని జంతువులన్నీ కలిసి ఒక రాతి భవనం కట్టుకుని, అందులో రెండు గ్యాస్ వంటిళ్ళు పెట్టుకున్నాయి. పెద్ద వంటింట్లో ఎలుగుబంటి బుచ్చన్న భోజన హోటల్ నడిపేవాడు. చిన్న వంటింట్లో కుందేలు పార్వతాలు ఇడ్లీలు వేసేది. రెండింటికీ మధ్య ఒక తలుపు, దాని కింద వేలెడు సందు. ఆ సందు గుర్తుపెట్టుకోండి, తర్వాత మనకి కావాలి.

వంటలో బుచ్చన్నను మించినవాడు లేడు. ముక్కులో అయితే అసలే లేడు. ఈ రెండు మాటలూ బుచ్చన్నే చెప్పేవాడు.

ఒకరోజు ముంగిస నాంచారమ్మ సంచి తగిలించుకుని వచ్చింది. గ్యాస్ కారితే పసిగట్టి అరిచే పెట్టెలు బిగించడం ఆమె పని. వాటినే గ్యాస్ డిటెక్టర్లు అంటారు. వంటింటికి ఒకటి చొప్పున, నేలకి జానెడు ఎత్తులో గోడకి బిగించింది.

బుచ్చన్న మూతి ముడిచాడు. "ఏమ్మా, కొత్త సామాను తెచ్చి కాళ్ళ దగ్గర పెడతావా? వచ్చినవాళ్ళకి కనిపించొద్దూ?"

"వచ్చినవాళ్ళకి కాదన్నా, గ్యాస్‌కి కనిపించాలి. సిలిండర్‌లో గ్యాస్ గాలికంటే బరువు. పైకి ఎగరదు, నేలమీద పాకుతుంది. నేలమీద పాకేవాటి సంగతి ముంగిసకి నువ్వు చెప్పాలా?"

దూరంగా గడ్డిలో ఉన్న పాము ఒకటి ఆ మాట విని గబగబా వెళ్ళిపోయింది.

"ఇంకో మాట," అంది నాంచారమ్మ. "పెట్టెకి ఈ చిన్న చిన్న కన్నాలున్నాయే, ఇవి దాని ముక్కు. వీటిని మూయకండి. ఆరు నెలలకోసారి వచ్చి పరీక్ష చేస్తాను."

ఆమె అటు వెళ్ళగానే బుచ్చన్న ఇటు స్టూలెక్కాడు. పెట్టెను ఊడదీసి గుమ్మం పైన బిగించాడు. బంతిపూల దండ కూడా వేశాడు. "ఇప్పుడు కళగా ఉంది!" అనుకున్నాడు.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు గరిటెలకీ, అట్లకాడకీ, సిలిండర్‌కీ బొట్లు పెట్టారు. పార్వతాలు పెట్టెను పొడి గుడ్డతో తుడిచి, పక్కన అంచుమీద చిన్న బొట్టు పెట్టి దండం పెట్టుకుంది. బుచ్చన్న చెయ్యి పెద్దది, భక్తి ఇంకా పెద్దది. దోసిలెడు గంధం తీసి పెట్టె మొహానికి మెత్తి, దానిమీద పసుపు, దానిమీద అరచేతంత కుంకుమ బొట్టు అద్దాడు. గంధం ఎండి గట్టిపడింది. కన్నాలు ఒక్కటీ మిగల్లేదు.

పెట్టెలు బిగించి ఆరు నెలలయింది. నాంచారమ్మ చెప్పిన మాట ప్రకారం వచ్చింది. ముందు పార్వతాలు వంటింటికి వెళ్ళి, అక్కడి పెట్టె ముక్కు దగ్గర ఒక బుల్లి సీసాలోంచి చిటికెడు పరీక్ష గ్యాస్ వదిలింది. పెట్టె ఎర్రగా వెలిగి కుయ్యోమంది. "ఇది ఆరోగ్యంగా ఉంది," అని తేదీ రాసి పక్కన అతికించింది.

బుచ్చన్న గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాడు. "నాకేం అక్కర్లేదు. నేను రోజూ పరీక్ష చేస్తున్నాను. చూడు!" అని అట్లకాడతో పెట్టె మీది మీట నొక్కాడు. పెట్టె కుయ్యోమంది. "విన్నావా? ఎంత బాగా పాడుతోందో!"

"అన్నా, మీట నొక్కితే దాని గొంతు బాగుందని తెలుస్తుంది. ముక్కు బాగుందని తెలియదు. పైగా అంత ఎత్తున ఉంటే దానికి గ్యాస్ అందదు. ఒక్కసారి స్టూలు వెయ్యి, దించి చూస్తాను."

"ముక్కుదేముంది? మూడు కొండల అవతల తేనెపట్టుంటే ఇక్కడ నిలబడి చెబుతాను. ఇంట్లో ఇంత ముక్కు పెట్టుకుని ఆ కన్నాల ముక్కుని నమ్ముకోమంటావా? వెళ్ళు వెళ్ళు, నాకు పప్పు మాడుతోంది."

పప్పు నిజంగానే మాడుతోంది. నాంచారమ్మ నిట్టూర్చి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి ఏనుగు వెంకాయమ్మ మనవడికి అన్నప్రాశన వచ్చింది. "బుచ్చన్నా, వంటంతా నీదే. పిల్లాడు మొదటి ముద్ద నీ పాయసమే తినాలి," అంది వెంకాయమ్మ. బుచ్చన్న ఛాతీ గుమ్మంలో పట్టలేదు.

ఆ సంతోషంలో ముందురోజు వానలో తడుస్తూ గంతులేశాడు. తడిసిన ఒంటితోనే కుండెడు పెరుగు తాగాడు. తెల్లారేసరికి అంత గొప్ప ముక్కూ బిగుసుకుపోయింది.

చారు కాచి దించాక, పాయసానికి పెద్ద గంగాళం పట్టడం కోసం బుచ్చన్న పొయ్యిని ముందుకి లాగాడు. వెనక రబ్బరు గొట్టం సగం ఊడింది. అతను చూడలేదు. కూర్చుని గుమ్మడికాయ తరుగుతున్నాడు. గ్యాస్ చల్లగా కిందికి దిగి నేలమీద పాకింది. గుమ్మం పైన బొట్టు పెట్టుకున్న పెట్టె హాయిగా ఊరుకుంది. విందుకోసం వచ్చి హోటల్ హాలు నిండా చుట్టాలు. మధ్యలో పట్టుగుడ్డ మీద ఏనుగుపిల్ల కూర్చుని తొండం చప్పరిస్తోంది.

పాకుతూ పాకుతూ గ్యాస్ తలుపు కింది సందులో దూరింది. అవతల పార్వతాలు ఇడ్లీల పని ముగించి, పొయ్యి ఆర్పి, గిన్నెలు తోముతోంది. జానెడు ఎత్తున ఉన్న ఆమె పెట్టె కుయ్యోమని అరిచింది.

పార్వతాలు గిన్నె వదిలేసి పరుగెత్తింది. "మావయ్యా! అగ్గిపుల్ల గియ్యకు! గ్యాస్ కారుతోంది!"

బుచ్చన్న చేతిలో అగ్గిపెట్టె ఉంది. పుల్ల కూడా తీశాడు. "ఏడిశావులే! ఇక్కడ దా పెట్టె దోరెత్తలేదు, దీ పెట్టెకి ఎందుకే గోల? దా ముక్కుకి ఏ వాసదా రాలేదు." ముక్కు బిగిసి అతనికి 'న' అంతా 'ద' అయిపోతోంది.

"నీ ముక్కుకి పడిశం మావయ్యా! నీ మాటలోనే వినపడుతోందిగా!"

"పడిశం దాకా? దాకు..." అంటూ బుచ్చన్న ఆగాడు. కళ్ళు మూసుకున్నాడు. నోరు తెరిచాడు. "హా... హా... హాఛ్!"

అగ్గిపెట్టె చేతిలోంచి ఎగిరి చారు గిన్నెలో పడింది.

పార్వతాలు ఒక్క గెంతులో సిలిండర్ దగ్గరికి చేరి రెగ్యులేటర్ తిప్పి గ్యాస్ ఆపేసింది. కిటికీలు, తలుపులు బార్లా తీసింది. హాల్లో ఒక కోతి గాలి ఆడుతుందని ఫ్యాన్ స్విచ్ మీద చెయ్యి వేయబోయింది. "ముట్టుకోకు! స్విచ్‌లో నిప్పురవ్వ చాలు. అందరూ బయటికి నడవండి!" అని అరిచింది పార్వతాలు. వెంకాయమ్మ మనవణ్ణి తొండంతో ఎత్తుకుని అందరికంటే ముందు చెట్ల కిందికి చేరింది.

కబురందుకుని నాంచారమ్మ వచ్చింది. గ్యాస్ అంతా పోయాక, బుచ్చన్న పెట్టెను గుమ్మం మీంచి దించి అందరికీ చూపించింది. గోటితో గంధం పెచ్చు లేపింది. అది అప్పడంలా ఊడి వచ్చింది.

"నీకూ పడిశం, దీనికీ పడిశం. నీది మూడు రోజుల్లో తగ్గుతుంది బుచ్చన్నా. దీనికి దసరా నుంచీ పట్టుకుంది."

అందరూ నవ్వారు. వెంకాయమ్మ మాత్రం నవ్వలేదు. మనవణ్ణి ఇంకా దించలేదు. "బుచ్చన్నా, ఈ పిల్లాడు లోపలే ఉన్నాడురా," అంది.

బుచ్చన్న తల వంచుకున్నాడు.

ఆ రోజు ఏనుగుపిల్ల మొదటి ముద్ద పార్వతాలు చేతి ఇడ్లీ అయింది. చారు మాత్రం ఎవరూ వడ్డించుకోలేదు. అప్పటినుంచి అడవిలో విందు ఎవరింట్లో జరిగినా వంట పార్వతాలుదే. ఏడాది పాటు బుచ్చన్న ఆమె దగ్గర పిండి రుబ్బాడు.

ఇప్పుడు బుచ్చన్న పెట్టె నేలకి జానెడు ఎత్తులోనే ఉంది. నాంచారమ్మ వచ్చే రోజు ఉదయమే దాన్ని పొడి గుడ్డతో తుడిచి, పక్కనే నేలమీద బోర్లా పడుకుని ఎదురుచూస్తాడు. పరీక్ష గ్యాస్ తగిలి అది కుయ్యోమనగానే లేచి, "హమ్మయ్య, మేలుకునే ఉంది!" అంటాడు.

నీతి: కాపలా పెట్టుకుంటే సరిపోదు, ఆ కాపలా మేలుకుని ఉందో లేదో వేళకి చూసుకోవాలి.