పొలుసన్న పెట్టని చెయ్యి

మొగిలివాగు అడవిలో చెట్లకు కొదవ లేదు, వానలకు అసలే కొదవ లేదు. కొండముచ్చులు, ముంగిసలు, అడవికోళ్లు, అలుగులు, ఇంకా పేరు చెబితే మీరు దుప్పటి ముసుగేసుకునే రకాలు కూడా అక్కడ చాలానే ఉండేవి. ఆ ముసుగు రకాలను ఇవాళ్టికి పక్కన పెడదాం. ఈ కథకు ముందు చెప్పిన నాలుగిళ్ల వాళ్లు చాలు.

అలుగు అంటే ఎలా ఉంటుందో తెలుసుగా. ఒంటి నిండా పొలుసులు, పొడుగాటి ముక్కు, చీమలంటే ప్రాణం. ఎవరైనా గట్టిగా కసిరితే చాలు, బంతిలా చుట్టుకుపోతుంది. మన అలుగు పేరు పొలుసన్న. అతనికి కళ్లు అంతంత మాత్రం. ముక్కు మాత్రం అలా కాదు. గట్టుకు అవతల చీమ తుమ్మితే ఇవతల తనకు తెలిసిపోతుందని అతను చెప్పుకునేవాడు. చీమ తుమ్ముతుందా అని ఎవరూ అడగలేదు. మీరూ అడక్కండి.

వానలు మొదలయ్యాయంటే నాలుగిళ్ల వాళ్లూ కొండ కింద ఉన్న ఒకే గుహలోకి చేరేవాళ్లు. లోపల వెచ్చగా, పొడిగా ఉండేది. గుమ్మం దగ్గర మాత్రం రాత్రీ పగలూ జల్లు కొట్టేది. అక్కడ ఒక కుటుంబం అడ్డుగా కూర్చుంటేనే మిగతా వాళ్లకు గాలీ వానా తగలవు. ఎవరు కూర్చోవాలి? దాని గురించి కొట్టుకోకుండా ఉండేందుకు తాతల నాటి నుంచి ఒక పద్ధతి ఉంది. మొదటి వాన రోజున ఇంటికొకరు చొప్పున కూర్చుని నాలుగాకుల ఆట ఆడతారు. ఓడినవాళ్లు ఆ వానాకాలమంతా గుమ్మం దగ్గర ఉంటారు.

ఆట ఎలా ఆడాలో చెబుతా, వినండి. మీ ఇంట్లో కరెంటు పోయిన రోజున పనికొస్తుంది.

వేపాకులు నాలుగు, కరివేపాకులు నాలుగు, మారేడాకులు నాలుగు, మోదుగాకులు నాలుగు. అన్నీ కలిపేసి మనిషికి నాలుగు చొప్పున పంచాలి. మనిషికి అంటే ఇక్కడ జంతువుకి. ఏ ఇంటి పక్షమూ కాని పెద్దాయన ఉడుము తాత ఆట నడిపిస్తూ, తోకతో నేల మీద టప్పున కొడతాడు. కొట్టగానే అందరూ ఒకేసారి తమకు అక్కర్లేని ఆకును అరచేతి కింద దాచి కుడిపక్క వాళ్లకు జరపాలి, ఎడమపక్క నుంచి వచ్చింది తీసుకోవాలి. మళ్లీ టప్. మళ్లీ జరుపు. ఇలా జరుపుతూ ఉంటే ఎవరో ఒకరి చేతిలో నాలుగూ ఒకే రకం ఆకులు పడతాయి. పడగానే వాళ్లు నోరెత్తకుండా మధ్యలో ఉన్న బల్లపరుపు రాయి మీద చెయ్యి పెట్టాలి. అది చూసి మిగతా వాళ్లూ గబగబా దాని మీద చేతులు పెట్టాలి. అందరికంటే ఆఖరున పెట్టిన వాళ్లకు ఒక గులకరాయి. మూడు గులకరాళ్లు పోగైన వాళ్లు ఓడినట్టు.

ఇంకొక్క మాట ఉంది. నాలుగూ కలవకుండానే ఎవరైనా చెయ్యి పెడితే అది దొంగ చెయ్యి. అప్పుడు అందరి రాళ్లూ వాళ్ల ముందుకే వచ్చి పడతాయి. కానీ ఆకులు తిప్పి చూపించమని అడిగే హక్కు రాయి మీద చెయ్యి పెట్టని వాళ్లకే ఉంటుంది. పెట్టారంటే ఒప్పుకున్నట్టే. ఆటలో అందరూ పెట్టడానికే ఎగబడతారు కాబట్టి, ఆకులు తిప్పమని అడిగిన వాళ్లను ఉడుము తాత కూడా తన జన్మలో చూడలేదు.

ఈ ఆటలో కొండముచ్చును కొట్టిన వాళ్లు లేరు. అతని పేరు దూకుడయ్య. పొడుగు చేతులు, ఇంకా పొడుగు తోక, వాటికంటే పొడుగు నాలుక. ఏటా చెట్లెక్కి ఆకులు కోసుకొచ్చేది కూడా అతనే.

"నా చెయ్యి కదిలినట్టు మీ కంటికి కనిపిస్తోందా?" అని అడిగేవాడు. "కనిపించిందంటే అప్పుడు నాకు ఒంట్లో బాగా లేదన్నమాట."

పొలుసన్న సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ఆకు వచ్చిందంటే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. అది ఏ ఆకో తేల్చుకునేవాడు. అప్పటికి రాయి మీద మూడు చేతులు ఉండేవి. అలా కిందటి వానాకాలమంతా అతని కుటుంబం గుమ్మం దగ్గరే గడిపింది. పెద్దపిల్లకు పట్టుకున్న దగ్గు ఎండలు ముదిరితే గానీ వదల్లేదు.

ఈ ఏడు ఇంట్లో పసిపిల్ల కూడా ఉంది. పుట్టి ఎన్నాళ్లో కాలేదు. పొలుసులింకా గట్టిపడలేదు, వేలితో నొక్కితే లోపలికి పోతున్నాయి. తల్లి చీమలమ్మ దాన్ని తోక మీద ఎక్కించుకుని, గుహ మూలన నిలబడి ఉంది.

"ఏమయ్యా," అంది నెమ్మదిగా. "దీనికి జల్లు తగిలితే తట్టుకోలేదు."

"తెలుసు," అన్నాడు పొలుసన్న.

"వాసన చూస్తూ కూర్చోకు. వాళ్ల చేతులు చూడు. వాళ్లు పెట్టగానే నువ్వూ పెట్టెయ్."

"చూస్తాలే," అన్నాడు. కానీ కళ్లు సరిగా కనిపించని వాడు ఏం చూస్తాడు?

బయట ఉరిమింది. ఆకులు పంచారు. కొండముచ్చు, అతనికి కుడివైపు ముంగిస, ఆ పక్కన అడవికోడి, ఆ పక్కన పొలుసన్న కూర్చున్నారు. పొలుసన్నకు కుడివైపు మళ్లీ కొండముచ్చే. ఉడుము తాత తోక కొట్టాడు.

టప్. టప్. టప్.

పొలుసన్న రెండో ఆకు వాసన చూస్తుండగానే కొండముచ్చు చెయ్యి రాయి మీద పడింది. ముంగిసది పడింది, అడవికోడిది పడింది. పొలుసన్న ముందు ఒక గులకరాయి పడింది.

రెండో ఆటలో అదృష్టం బాగుండి ముంగిసకు దురద పుట్టింది. చెవి గోక్కుని వచ్చేసరికి రాయి మీద మూడు చేతులున్నాయి.

"గోకుడు అయిందా బావా?" అంది అడవికోడి.

"ఇంకో చెవి మిగిలింది," అన్నాడు ముంగిస, తన రాయిని దగ్గరికి లాక్కుంటూ.

మూడో ఆటలో ఎవరికీ దురద పుట్టలేదు. పొలుసన్న ముందు రెండో రాయి చేరింది. చీమలమ్మ అటు తిరిగి నిలబడింది. పిల్లను ఆడిస్తున్నట్టు తోక ఊపుతోంది. పిల్ల నిద్రపోతోందన్న సంగతి పొలుసన్నకు తెలుసు.

కొండముచ్చు ముందు ఒక్క రాయి కూడా లేదు. అతనికి విసుగు పుట్టింది. గెలుస్తూ ఉండేవాళ్లకు త్వరగా విసుగు పుడుతుంది, మీ ఇంట్లో కూడా ఉంటారు చూడండి ఒకరు.

"తాతా," అన్నాడు. "ఆ తోక నిద్రపోతోందా? కాస్త జోరుగా కొట్టు. ఇలా అయితే వానాకాలం ఇక్కడే అయిపోయేట్టుంది."

"జోరు పెరిగితే ఆకు కనిపించదురా. మబ్బు పట్టి లోపలంతా మసకగా ఉంది," అన్నాడు ఉడుము తాత.

"కనిపించని వాళ్ల సంగతి వాళ్లు చూసుకుంటారు. నాకు ఒక్క చూపు చాలు."

ఉడుము తాత మిగతా వాళ్ల వైపు చూశాడు. ముంగిస భుజాలెగరేశాడు. అడవికోడి సరేనంది. పొలుసన్నకు బంతిలా చుట్టుకుపోవాలని ఉంది. చుట్టుకుంటే గుమ్మం దగ్గరికి దొర్లించుకుపోతారని ఊరుకున్నాడు.

తోక జోరందుకుంది. టపటపటప. ఆకులు చేతుల కింద ఎలకల్లా పరిగెత్తాయి. పొలుసన్న ఈసారి చీమలమ్మ చెప్పినట్టు చేతులు చూడబోయాడు. మసక వెలుతురులో ఏదో కదులుతోంది, అది చెయ్యో తోకో తెలియడం లేదు. లాభం లేదనుకుని మళ్లీ ముక్కునే నమ్ముకున్నాడు. వచ్చిన ఆకును వచ్చినట్టు వాసన చూశాడు. ఇది మారేడు. ఇది చేదు, వేప. ఇది పోపు వాసన, కరివేప. జరిపాడు, తీసుకున్నాడు, జరిపాడు.

ధడాలున కొండముచ్చు చెయ్యి రాయి మీద పడింది. ఆ వెంటనే ముంగిస చెయ్యి, దాని మీద అడవికోడి కాలు.

"అయిపోయింది," అన్నాడు కొండముచ్చు. "పొలుసన్నా, సామాను సర్దుకో. గుమ్మం దగ్గర నీ చోటు నీకోసం ఎదురుచూస్తోంది."

"చెయ్యి పెట్టెయ్ అన్నా," అంది అడవికోడి జాలిగా. "ఎలాగూ నువ్వే ఆఖరు. పెట్టేస్తే ఆట ముగుస్తుంది."

మూలనుంచి చీమలమ్మ గొంతు వినిపించింది. "పెట్టు. ఇంకా ఏం చూస్తావు?"

పొలుసన్న చెయ్యి పైకి లేచింది. రాయి మీదికి సగం దూరం వెళ్లింది కూడా. అప్పుడు అతనికి తన రెండో చేతిలో ఉన్న ఆకులు గుర్తొచ్చాయి. ఓడే ముందు కనీసం తనకు ఏం వచ్చాయో తెలుసుకుందామనుకున్నాడు. ఒక్కొక్కటే వాసన చూశాడు.

మోదుగ. మారేడు. వేప. కరివేప.

రకానికి ఒక్కటి. ఈ ఆటలో ఇంతకంటే దిక్కుమాలిన చెయ్యి ఎవరికీ రాదు. పొలుసన్నకు నవ్వొచ్చింది. ఇన్నిసార్లు జరిపి, చివరికి ఏ రెండూ కలవలేదు.

ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

వేపాకులు మొత్తం నాలుగు. అందులో ఒకటి తన దగ్గర ఉంది. కరివేపాకులు నాలుగు. ఒకటి తన దగ్గర ఉంది. మారేడూ అంతే, మోదుగా అంతే. మరి ఇంకొకరి చేతిలో ఏదైనా నాలుగు ఎలా ఉంటాయి?

మళ్లీ వాసన చూశాడు. ముక్కు తప్పు చెప్పడం లేదు. అయినా భయమేసింది. ఎప్పుడూ ఓడని కొండముచ్చు తప్పా, ఎప్పుడూ ఓడే తను తప్పా? ముగ్గురు చేతులు పెట్టారు. ముగ్గురూ ఎలా పొరబడతారు?

పొలుసన్న లేచిన చెయ్యిని నెమ్మదిగా వెనక్కి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నేను పెట్టను," అన్నాడు. "ఆకులు తిప్పమను తాతా."

కొండముచ్చు పకపకా నవ్వాడు.

"చూశారా, ఓడిపోతే మతి కూడా పోతుంది. ఎన్నేళ్లుగా ఆడుతున్నాను, నా ఆకులు తిప్పమన్న మొనగాడు ఉన్నాడా?"

"అదే నాకూ గుర్తొచ్చింది," అన్నాడు ఉడుము తాత. "ఇతను చెయ్యి పెట్టలేదు. అడిగే హక్కు ఉంది. తిప్పు."

కొండముచ్చు విలాసంగా తన ఆకులను రాయి మీద పరిచాడు. "వేప, వేప, వేప, వేప. చాలా?"

ఉడుము తాత వంగి చూశాడు. నాలుగూ సన్నటి ఆకులే. నాలుగూ పచ్చటివే. ఒక్కొక్కదాన్నీ తీసి గుమ్మం దగ్గరి వెలుతురులో పట్టుకున్నాడు. మూడు ఆకుల అంచులు రంపం పళ్లలా ఉన్నాయి. నాలుగో దాని అంచు నున్నగా ఉంది. అతను దాన్ని చిదిమి కొండముచ్చు ముక్కు కింద పెట్టాడు.

కొండముచ్చు నవ్వు ఆగిపోయింది. ఆ వాసన ఏమిటో మీ ఇంట్లో చారు తాగే వాళ్లెవరికైనా తెలుసు.

"కరివేప," అన్నాడు చిన్నగా.

"నువ్వేం చూసి పెట్టావురా?" అని ఉడుము తాత ముంగిసను అడిగాడు.

"దూకుడన్న పెట్టాడని పెట్టాను."

"నేను బావ పెట్టాడని పెట్టాను," అంది అడవికోడి. ఎవరూ అడగకముందే చెప్పేసి, తల రెక్క కింద దాచుకుంది.

ఇన్నేళ్లలో ఇలాంటి చేతులు ఎన్ని పడ్డాయో, ఎవరు ఎవరి బదులు తడిశారో ఇప్పుడు ఎవరు చెప్పగలరు? ఆకులన్నీ ఏనాడో మట్టిలో కలిసిపోయాయి. ఉడుము తాత పొలుసన్న ముందున్న రెండు రాళ్లను, ముంగిస ముందున్న ఒక రాయిని తోకతో కొండముచ్చు ముందుకు నెట్టాడు.

మూడు రాళ్లు.

కొండముచ్చు వాదించలేదు. అతనిలో దూకుడు ఉంది గానీ దొంగబుద్ధి లేదు. లేచి, భార్యనూ పిల్లలనూ పిలిచి గుమ్మం వైపు నడిచాడు. అతని భార్య పొట్టకు అతుక్కుని ఒక చంటిపిల్ల ఉంది. దాని మొహానికి మొదటి జల్లు తగిలి, అది కళ్లు గట్టిగా మూసుకుంది.

పొలుసన్నకు ఆ మొహం సరిగా కనిపించలేదు. కానీ తడిసిన చంటిపిల్ల వాసన అతనికి బాగా తెలుసు.

"ఆగు దూకుడయ్యా," అన్నాడు. "ఆడింది నువ్వు. పిల్లలు ఆడలేదు కదా."

"అయితే?"

"వాళ్లు లోపల ఉండనీ. తల్లి కూడా. చీమలమ్మ పక్కన చోటుంది."

"పద్ధతిలో అలా లేదే," అన్నాడు ఉడుము తాత.

"కిందటేడు నా పిల్ల దగ్గుతుంటే నాకీ మాట తోచింది. ఓడిన నోటితో అడగడం బాగోదని ఊరుకున్నాను. ఇవాళ ఓడలేదు కాబట్టి అడుగుతున్నాను."

ఉడుము తాత గడ్డం గోక్కున్నాడు. చీమలమ్మ అప్పటికే జరిగి చోటు చేసింది. దానితో అదే పద్ధతి అయిపోయింది. ఆ ఏటి నుంచి మొగిలివాగు గుహలో ఎవరు ఓడినా, ఆడిన వాళ్లే గుమ్మం దగ్గర కూర్చునేవాళ్లు. పిల్లలందరూ లోపలే.

మర్నాడూ వానే. ఊరికే కాలక్షేపానికి మళ్లీ ఆకులు పంచుతుంటే, గుమ్మం దగ్గర నుంచి వీపు తుడుచుకుంటూ కొండముచ్చు అడిగాడు. "నాకూ పంచండి."

పంచారు. వచ్చిన మొదటి ఆకును అతను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. అంచు చూశాడు, తిప్పి వెనక చూశాడు, చివరికి వాసన కూడా చూశాడు.

"ఏంటి దూకుడన్నా," అన్నాడు ముంగిస, "ఆ ఆకుకేమైనా పెళ్లిచూపులా?"

అందరూ నవ్వారు. కొండముచ్చు కూడా నవ్వాడు, కానీ ఆకు చూడటం మాత్రం మానలేదు.

నీతి: ఎన్ని చేతులు ముందుకు ఉరికినా సరే, మన చేతిలో ఏముందో చూసుకున్నాకే మన చెయ్యి కదపాలి.