రేల కుట్టుకున్న పాము వేషం

అనగనగా ఒక అడవిలో, వాగు రెండు పాయలుగా చీలే చోట, ఒక బడి ఉండేది. దానికి గోడల్లేవు. నియమం మాత్రం ఒకటుంది: బడి హద్దులో ఎవరూ ఎవరినీ తినకూడదు. అందుకే అక్కడ ముంగిసా ఎలుకా ఒకే వరుసలో కూర్చుని చదువుకునేవి.

ఆ బడి పంతులమ్మ ఒక కుట్టుపిట్ట. ముక్కుతో ఆకులు కుట్టి గూడు కట్టుకునే జాతి కాబట్టి, లెక్కలు చెప్పినా పాటలు చెప్పినా ఆమె మనసు కుట్టుపని మీదే ఉండేది. ఏటా తొలకరికి ముందు బడిలో నాటకం ఆడేవారు. ఎవరి వేషం వాళ్ళే కుట్టుకోవాలి. అమ్మ కుట్టిపెట్టకూడదు, అక్క కుట్టిపెట్టకూడదు. కుట్టుకోనివాళ్ళకి నాటకంలో చోటు లేదు.

ఆ బడిలో రేల అనే ముంగిస పిల్ల నాలుగో ఏడు చదువుతోంది. దానికి ఒక్కచోట కూర్చోవడం రాదు. కూర్చుంటే కాళ్ళు కదులుతాయి. కాళ్ళు అదిమి పట్టుకుంటే తోక కదులుతుంది. తోక మీద కూర్చుంటే ముక్కు కదులుతుంది. పోయిన రెండు నాటకాల్లో దానికి కొండ వేషం ఇచ్చారు. రెండుసార్లూ కొండ కదిలింది. రెండుసార్లూ అందరూ నవ్వారు.

ఈ ఏడు మాత్రం పాము వేషం ఇచ్చారు. పాము ఎలా మెలికలు తిరుగుతుందో, ఎప్పుడు పడగెత్తుతుందో ముంగిసకి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? రేల ఇంటికి పరుగెత్తి ఆ మాట వాళ్ళమ్మతో మూడుసార్లు చెప్పింది. కదిలితే ఎవరూ నవ్వని వేషం దొరకడం దానికి అదే మొదలు. అది చేజారితే తర్వాతి వంతు ఉడుముది. ఉడుముకి పాము మాటలన్నీ అప్పటికే నోటికి వచ్చు. ఎందుకైనా మంచిదని ఉడుము తన కొలతకి ఒక పాము వేషం కూడా కుట్టుకోవడం మొదలుపెట్టింది.

నాటకానికి ఇరవై రోజులుంది. గిజిగాళ్ళు అడవి పత్తితో నేసిన గుడ్డ పిల్లలందరికీ పంచారు. తుమ్మముల్లే సూది. కత్తిరించే పని వాగులో ఉండే పీతది. గీత ఎక్కడ గీస్తే అక్కడ కత్తిరిస్తుంది, ఎందుకని అడగదు.

పంతులమ్మ ముందే చెప్పింది. కొత్త గుడ్డని ఒక పూట నీళ్ళలో నాననివ్వాలి, నీడన ఆరనివ్వాలి, ఆ తర్వాతే కత్తిరించాలి. రేలకి ఇది నచ్చలేదు. ఆరే గుడ్డ ముందు కూర్చుని ఏం చేయాలి? గుడ్డ చేతికొచ్చిన సాయంత్రమే పీత దగ్గరకు తీసుకెళ్ళి కత్తిరించేసుకుంది. ఎనిమిది రోజులు కుట్టింది. బాగానే వచ్చింది. తొమ్మిదో రోజు దాన్ని వేసుకుని బురదలో దొర్లింది. వేషాన్ని ఉతికి ఆరేసింది. ఆరాక చూస్తే అందులో తల దూరింది, నడుము దూరలేదు. గుడ్డ నాలుగు వేళ్ళు కుంచించుకుపోయింది.

ఉడుము అది చూసి, "ఏమే, ఇది పాము చిన్నప్పటి చొక్కానా?" అని అడిగింది.

పంతులమ్మ ఇంకో గుడ్డ ఇచ్చి, ఇదే ఆఖరుదని చెప్పింది. ఈసారి రేల నానబెట్టింది, ఆరబెట్టింది. ఆరేదాకా దాని చుట్టూ తిరుగుతూనే ఉంది. అలా పోయిన పూటని రాబట్టుకోవాలని రెండు రోజుల పని ఒక్క రోజులో చేసింది. మాటలు వల్లించుకుంటూ కుట్టింది, నిలబడి కుట్టింది, నడుస్తూ కుట్టింది. పదహారో రోజున వేసుకుని చూస్తే, పడగ వెనక నిలబడకుండా ముందుకొచ్చి గడ్డం కింద వేలాడుతోంది. మెడ దగ్గర దాన్ని తిరగేసి కుట్టేసిందన్నమాట.

పంతులమ్మ చుట్టూ ఎగిరి చూసింది. పడగకి రెండు వందల పదహారు కుట్లున్నాయని లెక్కపెట్టి చెప్పింది.

"గుడ్డ పాడవలేదు. విప్పి మళ్ళీ కుట్టు," అంది.

"అన్నీనా పంతులమ్మా?"

"అన్నీ."

"పైన శాలువా కప్పుకుంటే కనబడదు కదా?"

"పాము శాలువా కప్పుకుంటుందటే?"

రేల విప్పడం మొదలుపెట్టింది. కుట్టేటప్పుడు ముందుకు వెళుతున్నట్టయినా ఉంటుంది. విప్పేటప్పుడు చేసిన పని ఒక్కొక్కటే పోతూ కనబడుతుంది. పదకొండు కుట్లు విప్పేసరికి కాళ్ళు ఆగలేదు. ముల్లు గుడ్డకే గుచ్చి, వేషాన్ని ఒక పొద కింద వదిలేసి, వాగు వైపు వెళ్ళింది.

అక్కడ రెండు రాళ్ళ మధ్య ఒక కుబుసం కనబడింది. ఏదో పెద్ద పాము విడిచి వెళ్ళిన చర్మం. తల నుంచి తోక దాకా ఎక్కడా చిరగలేదు. ఒక్కో పొలుసూ లెక్కపెట్టేలా ఉంది. ఎండ పడితే మెరిసింది. రేల తల దూర్చి చూసింది. పొట్ట లోపలికి పీల్చుకుంటే ఒళ్ళు కూడా పట్టింది.

రేల తన స్నేహితురాలు పిందె అనే కుందేలుని పిలిచి చూపించింది. పిందె రెండడుగులు వెనక్కి వేసి, ఇది నువ్వు కుట్టింది కాదు కదే అంది. దానికీ రేల దగ్గర జవాబుంది. ఇంకో తుమ్మముల్లు తెచ్చి మెడ అంచున ఏడు కుట్లు వేసి, ఇప్పుడు కుట్టినట్టే కదా అని అడిగింది. పిందె దూరం నుంచే వాసన చూసి, పనుందని వెళ్ళిపోయింది.

పద్దెనిమిదో రోజున అందరూ ఒక్కొక్కరుగా వెళ్ళి పంతులమ్మకి వేషాలు చూపించాలి. పంతులమ్మ కుబుసం మీద వాలి, ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. రేల తోక మీద కూర్చుంది.

"ఇది నువ్వు చేసుకున్నదేనా అమ్మాయ్?"

"అవును పంతులమ్మా."

"నువ్వే అంటున్నావు. సరే."

అంతే. నాలుగు తిట్లు పడి ఉంటే రేలకి తేలికగా ఉండేది. ఆ రెండు రోజులూ దానికి తిండి సయించలేదు. పంతులమ్మ గూడున్న చెట్టు దాకా ఆరుసార్లు వెళ్ళింది, ఆరుసార్లూ నోరు తెరవకుండా తిరిగొచ్చింది. విప్పుతూ వదిలేసిన వేషం పొద కిందే పడి ఉంది. బడికి వచ్చేటప్పుడు రేల ఆ పొద కనబడని దారిన వచ్చింది. అది చుట్టుదారి.

నాటకం రోజు పొద్దున్నే అడవంతా వచ్చింది. పొట్టివాళ్ళని ముందు కూర్చోబెడతారు కాబట్టి ముందు వరుసంతా ఎలుకలు, వాటి వెనక కప్పలు. మూడో వరుసలో రేల వాళ్ళమ్మ. డప్పు మోగింది. కుబుసంలో దూరిన రేల చెట్టు చాటు నుంచి మెలికలు తిరుగుతూ వచ్చింది.

ఒక్కరూ నవ్వలేదు. రేల గుండె పొంగింది. అంతలో గాలి అటు తిరిగింది. కుబుసంలో ఉన్న పాము వాసన ముందు వరుసకు చేరింది. కళ్ళతో చూస్తే అది నాటకమే, ముక్కుకి మాత్రం పామే. ఎలుకలు ఒకదాని మీద ఒకటి పడి పరుగు తీశాయి. కప్పలు వాగులోకి దూకాయి. రాజు వేషంలో ఉన్న పిందె కిరీటం అక్కడే వదిలేసి పారిపోయింది.

నేనే, రేలని అని చెబుతూ రేల పైకి లేవబోయింది. ఎండిన కుబుసం వీపు మీద చిట్లింది. చేత్తో పట్టుకుంటే పట్టుకున్న చోట ఇంకా చిరిగింది. మెడ అంచున గుచ్చి ఉంచిన ముల్లు తీసి కుట్టబోతే, గుచ్చిన ప్రతి చోటా కొత్త చిరుగు పడింది. తాను వేసిన ఏడు కుట్లు మెడ దగ్గర అలాగే ఉన్నాయి. మిగతాదంతా ముక్కలై గాలికి పోతోంది. ఖాళీ అయిన రెండు వరుసల ముందు రేల నిలబడిపోయింది.

పంతులమ్మ వచ్చి దాని ఎదురుగా వాలింది.

"ఇది నేను కుట్టలేదు. వాగు దగ్గర దొరికింది," అంది రేల. మూడో వరుసలో అమ్మకి వినబడేంత గట్టిగానే అంది.

"తెలుసు. నువ్వే వచ్చి చెబుతావని రెండు రోజులు చూశాను," అంది పంతులమ్మ. "ఆ రోజే ఆపాల్సింది. ఎలుకలు బెదిరిన దాంట్లో నా తప్పూ ఉంది."

నాటకం సాయంత్రం మళ్ళీ ఆడారు. పాముగా ఉడుము ఆడింది, బాగానే ఆడింది. రేల తెర పట్టుకుంది. ఇంటికి వెళ్ళే దారిలో వాళ్ళమ్మ నాటకం మాట ఎత్తలేదు. ఆకలేస్తోందా అని మాత్రం అడిగింది.

మర్నాడు రేల ఆ పొద దగ్గరకు వెళ్ళి ముల్లు అందుకుంది. ఇప్పుడు ఆడడానికి నాటకం లేదు, చూపించడానికి గడువు లేదు. అయినా మిగిలిన రెండు వందల అయిదు కుట్లూ విప్పింది. మధ్యలో కాళ్ళు లాగాయి. ఇరవై కుట్లకి ఒకసారి లేచి చెట్టు చుట్టూ పరుగెత్తి రావచ్చని తనకు తానే ఒక లెక్క పెట్టుకుంది. అలాగే మళ్ళీ కుట్టుకుంటూ వస్తే అయిదు రోజుల్లో పడగ వెనక్కి తిరిగింది. కుట్లు వంకరగా ఉన్నాయి. పంతులమ్మ రెండు చోట్ల మళ్ళీ విప్పించింది. రేల గొణిగింది, విప్పింది, కుట్టింది.

ఆ వేషం వేసుకుని, బడి హద్దులోనే ఉన్న ఎలుకల కలుగుల దగ్గరకు వెళ్ళింది. దూరంగానే ఆగి, పడగ పక్కకు తీసి మొహం చూపించింది. ఆ రోజు భయపెట్టినందుకు తప్పయిందని చెప్పింది. చాలాసేపు ఎవరూ బయటికి రాలేదు. చివరికి ఒక ముసలి ఎలుక వచ్చి, ముందు గాలిని వాసన చూసి, తర్వాత వేషాన్ని దగ్గరగా చూసింది.

"ఎవరే ఇంత వంకరగా కుట్టింది?"

"నేనే అవ్వా."

"కనబడుతూనే ఉంది. ఏదీ, ఆడు చూద్దాం."

రేల ఆడింది. ఎలుకలు ఒక్కొక్కటే కలుగుల్లోంచి వచ్చి కూర్చున్నాయి. పడగెత్తి ఎగిరేసరికి చంక కింద కుట్టు పటుక్కున తెగింది. ఎలుకలు నవ్వాయి. రేల ఆగలేదు. ఆ కుట్టు ఎక్కడ మొదలవుతుందో, ఎంత దూరం ఊడుతుందో దానికి తెలుసు. మోచేతిని అక్కడ అదిమిపెట్టి, అదే ఊపులో మెలిక తిరిగి, పాము మాటలు ఒక్కటీ వదలకుండా చివరిదాకా చెప్పింది. ఎలుకలు ఒక్కటీ మధ్యలో లేవలేదు.

నీతి: తప్పుగా కుట్టిన కుట్టుని ఓపిగ్గా విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. మనం చేయనిదాన్ని మనదని చెప్పుకుంటే, అది చిరిగిన రోజు ఎక్కడ పట్టుకోవాలో కూడా మనకు తెలియదు.