ఆదెమ్మవ్వకి కావలసిన ఏడు చెట్లు

దణ్ణం పెట్టుకున్నావా అమ్మలూ? అయితే కాళ్ళు దుప్పట్లోకి ముడుచుకో. ఊఁ కొడితేనే చెప్తాను. నాకూ వినేవాళ్ళుండాలిగా!

అనగనగా గానుగపాడని ఒక ఊరు. ఆ ఊళ్ళో హరికథలు చెప్పే శేషదాసు. కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిడతలు, నోట్లో రామనామం. అన్నీ ఉన్నాయి గానీ, ఆయన కథ మొదలుపెడితే చాలు, ఊరంతా గురక!

ఊరిపెద్ద కనకంనాయుడు ఒకనాడు చెప్పేశాడు. "దాసుగారూ, ఇంకో మూడు సాయంత్రాలు చూస్తాను. అప్పటికీ జనం నిద్రపోతే తోలుబొమ్మలాట వాళ్ళని పిలిపిస్తాను." పాపం, దాసుకి కథ తప్ప ఇంకో పని రాదు.

మొదటిరోజు గజ్జెలు గట్టిగా మోగించాడు. పసిపిల్లలు జడుసుకుని ఏడ్చారు. తల్లులు వాళ్ళని చంకనేసుకుని వెళ్ళిపోయారు. అప్పుడు మిగిలినవాళ్ళు హాయిగా కాళ్ళు చాపుకున్నారు.

రెండోరోజు అప్పాలు పంచాడు. కడుపులు నిండాయి. నిద్ర ఇంకా బాగా పట్టింది! దాసు దిగులుపడి, పరధ్యానంలో "పదకొండు తలల రావణాసురుడు" అనేశాడు.

అంతే! నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఆదెమ్మవ్వ దిగ్గున లేచింది. "పదేనయ్యా తలలు! పదకొండోది నువ్వు పెట్టావా?"

"పదే, పదే!" అంటూ నలుగురు లేచారు.

అప్పుడు దాసుకి తట్టింది. కథకి లేవనివాళ్ళు అంకెకి లేస్తున్నారే! "సరే స్వామీ, అంకెలోనే రా" అని దణ్ణం పెట్టుకున్నాడు.

మూడోరోజు తాటాకు ముక్కల మీద తలా నాలుగు అంకెలు గీసి, చింతగింజలతో పంచాడు. "కథలో మీ అంకె వస్తే గింజ పెట్టండి. ముందు నాలుగూ నిండినవాళ్ళకి ఈ బెల్లం దిమ్మ!"

ఇంక చూడు! దశరథుడికి భార్యలు ముగ్గురు. టక్కున గింజ. కొడుకులు నలుగురు. మళ్ళీ గింజ. ఆ తర్వాత పద్నాలుగేళ్ళ వనవాసం. ఆ తర్వాత రావణుడి తలలు. ఈసారి పదే!

ఆదెమ్మవ్వకి ఇంక ఏడొక్కటే మిగిలింది. "దాసూ, రాముణ్ణి తొందరగా కిష్కింధకి నడిపించు నాయనా! ఒక్క బాణంతో ఏడు చెట్లు కొట్టాలి!"

"కుదరదు," అన్నాడు బట్టలు కుట్టే సన్యాసి. "నాకు నూరు కావాలి. ముందు హనుమంతుణ్ణి నూరు ఆమడల సముద్రం దూకించండి!"

"చెట్లు పడకుండా సముద్రమెలా దూకుతాడ్రా, సచ్చినోడా?"

రాముడు విల్లెత్తాడు. ఊరంతా ఊపిరి బిగబట్టింది. బాణం ఏడు చెట్లలోంచీ దూసుకుపోయింది. "నాదే!" అని ఆదెమ్మవ్వ పెట్టిన కేకకి పాక మీది పిల్లి కింద పడింది.

బెల్లం ఇచ్చేశాడు. అప్పుడు దాసు చిడతలు ఆపి జనం వంక చూశాడు. ఆట అయిపోయిందిగా, ఇంక లేచిపోతారేమో!

ఒక్కరూ కదల్లేదు. "కానీ దాసూ, సీతమ్మ ఇంకా లంకలోనే ఉందిగా," అంది ఆదెమ్మవ్వ, బుగ్గన బెల్లంతో.

పట్టాభిషేకం అయ్యాక కనకంనాయుడు మెల్లగా వచ్చాడు. చేతిలో తాటాకు. "దాసుగారూ, పద్నాలుగు వచ్చినప్పుడు నాకు కాస్త కునుకు పట్టింది. రేపు రాముణ్ణి ఇంకోసారి అడవికి పంపుదురూ!"

మీ అత్తావాళ్ళు పేరంటంలో ఆడే తంబోలా అలా పుట్టిందేనట, మా అమ్మమ్మ చెప్పింది. పుస్తకాల్లో ఇంకోలా ఉంటే ఉండనీ.

ఊఁ ఏదే? పడుకున్నావా?

ఏడు చెట్లూ కూలె,
బెల్లం దిమ్మ కరిగె.
కథ కంచి చేరె,
కన్ను కునుకు జారె.