నక్కగారు పసిపిల్లల్ని ఒడిలోకి తీసుకున్న రోజు

అడవి మధ్యలో వెదురు తడికెలతో కట్టిన పసికందుల పాక ఒకటుంది. నెలలు నిండకుండా పుట్టినవి, పాలు తాగడం చేతకానివి, ఏ జాతివైనా అక్కడికే వస్తాయి. పోయిన వేసవిలో వాటిని సాకడానికి ఆరుగురు ఉండేవాళ్ళు. ఇప్పుడు మిగిలింది కోడిపెట్ట చుక్కమ్మ, బాతు నీలవేణి. పిల్లలు మాత్రం పదిహేను నుంచి నలభై అయ్యారు. పాకకి పెద్ద నక్కగారు. పాక చుట్టూ తిరుగుతూ "ఆహా, ఎంత పుణ్యకార్యం!" అనడం ఆయన ఉద్యోగం.

ఆ పొద్దున చుక్కమ్మ ఉగ్గుగిన్నెతో ఒక కుందేలు పిల్లకి పాలు పట్టింది. కాసేపాగి మళ్ళీ దానికే పట్టింది. మూడోసారి వంగబోతుంటే నీలవేణి రెక్క పట్టుకుంది.

"అక్కా! దాని పొట్ట పగులుతుంది. పక్కన ఉడుత పిల్ల పొద్దుట్నించీ ఏడుస్తోంది, చూడు."

చుక్కమ్మ చూసింది. ఏడుపు వినిపిస్తోంది గానీ లోపల ఏమీ కదల్లేదు. ఆ కదలకపోవడానికే ఆమె హడలిపోయింది.

"నీలా, నాలో జాలి కూడా అడుగంటిందే. ఇట్లాగే సాగితే ఏదో ఒక రోజు నా చేతిలోనే ఒక పసిబిడ్డ పోతుంది."

తిన్నగా నక్క దగ్గరికి నడిచింది. "సార్, ఇంకో ఎనిమిది మందిని వేయండి."

"నీ పనితనం తగ్గిందని నేనే పిలుద్దామనుకున్నా చుక్కమ్మా. అలసటనేది మనసులో ఉంటుంది. రోజూ ఒంటికాలి మీద నిలబడి ఊపిరి గట్టిగా పీల్చు."

"ఒంటికాలి మీదే ఉన్నాను సార్. రెండో కాలితో ఊయల ఊపుతున్నాను."

"ఆడపుట్టుకవి, తల్లి మనసు నీది! ఇది నీకు పనా? ప్రేమ! రేపు పిల్లల తల్లిదండ్రులందరి ముందు నీకు బంతిపూల దండ వేయిస్తాను."

వెనక్కి తిరగబోయిన చుక్కమ్మ టక్కున ఆగింది.

"నిజమే సార్, ప్రేమే. మరి మీకన్నా ప్రేమ ఎవరికుంది? దండ మీరే వేసుకోండి. అందరూ చూస్తుండగా పిల్లల్ని కాసేపు ఒడిలోకి తీసుకోండి, చాలు."

నక్క మెడ అప్పుడే దండ కోసం సాగింది.

మర్నాడు అడవంతా వచ్చింది. దండ వేసుకుని వెల్లకిలా పడుకున్న నక్క పొట్ట మీద చుక్కమ్మ ముందుగా ముళ్ళపంది పిల్లని పెట్టింది.

"అమ్మో!"

"నవ్వండి సార్, చూస్తున్నారు."

పక్కన ఎలుగు పిల్లని, మెడకి కోతి పిల్లని అతికించింది. మూడూ హాయిగా నిద్రపోయాయి.

"చాల్లే, తీసెయ్," అని గొణిగింది నక్క.

"అయ్యో! ఒడిలో పిల్ల తనంతట తాను లేచేదాకా కదలకూడదని నియమం పెట్టింది మీరే కదా. మేం మంచినీళ్ళకి కూడా లేవం."

"కదిలావో!" అంది ఎలుగు తల్లి, పంజా చూపిస్తూ.

నక్క కదల్లేదు. కోతి పిల్ల లేచింది, దాని కేకకి ఎలుగు పిల్ల లేచింది. ఎలుగుని జోకొడితే ముళ్ళపంది లేచింది. దానికి పాలు పట్టమంటే నక్క కంగారులో తోక వైపు పట్టింది. పిల్లల నాన్నలు పడీ పడీ నవ్వారు. "మీరూ రండి, వరసలో నిలబడండి," అని ముళ్ళపంది తల్లి అనగానే ఆ నవ్వులు ఆగిపోయాయి.

మధ్యాహ్నానికి నక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "చుక్కమ్మా, తల్లీ, నన్ను లేపు!"

"ఊపిరి గట్టిగా పీల్చండి సార్."

"ఇది ప్రేమా, పనా?" అని ఎలుగు తల్లి నిలదీసింది.

"పనే! ఒట్టు, పనే!"

"ఎంతమంది చేసే పని?"

"పదిమంది!"

"అందరూ విన్నారుగా?" అంది చుక్కమ్మ.

సాయంత్రానికల్లా ఎనిమిది మంది పాకలో దిగారు. అందులో ఇద్దరు కోడిపుంజులు. "మాకు ఈ పనులు చేతకావు," అన్నారు వాళ్ళు. ఎలుగు తల్లి ఒక్క చూపు చూసింది. చేతనయింది.

చుక్కమ్మ రెండు రోజులు ఒళ్ళు తెలీకుండా నిద్రపోయింది. మూడో రోజు ఒక పసిది తుమ్మితే ఉలిక్కిపడి దాని దగ్గరికి పరుగెత్తింది.

నక్కగారికి ఇప్పుడు రోజూ ఒక పూట ముళ్ళపంది పిల్లల దగ్గర డ్యూటీ. పుణ్యం మాట ఎత్తడం మానేశారు, ముళ్ళు గుచ్చుకోకుండా పొట్టకి కట్టుకోను దూది మాత్రం అడుగుతున్నారు.

నీతి: నీ పనిని ఎవరైనా ప్రేమ అని పొగిడితే, తోడుగా ఎంతమందిని పంపుతున్నారో ముందు అడుగు.