కోళ్ల గంప

పూర్వం గిరిదుర్గంలో ఎత్తున కట్టిన బుట్టలోకి చెండు విసిరే ఆటంటే జనం చెవి కోసుకునేవారు. ఏ కాలపు ఆటగాడు గొప్పో తేల్చి, కాలికి గండపెండేరం తొడుగుతానన్నాడు రాజు.

"నా రోజుల్లో నూటికి తొంభై వేశాను. ఇప్పటి మొనగాడు యాభై దాటడు. వీళ్లదీ ఒక ఆటేనా?" అన్నాడు పాత ఆటగాడు భుజంగరాయుడు, మీసం దువ్వుతూ. రాజు సరేనని, పెండేరం రాయుడికే అన్నాడు.

సభ చివర నిలుచున్న బుట్టలల్లే సూరమ్మకు ఒళ్లు మండింది. ఇంటికి పరుగెత్తి, కోళ్లను తోలేసి, వాటిని మూసే గంప పట్టుకొచ్చింది.

"ప్రభూ, రాయుడుగారి రోజుల్లో కట్టింది ఇదే. మా తాత అల్లాడు. ఇప్పుడు కట్టేది ఇదిగో," అని చెంబు పట్టేంత బుట్ట పక్కన పెట్టింది.

సభ గొల్లుమంది.

"తొంభై వేశారంటే నమ్ముతాను," అంది సూరమ్మ. "ఇంతదాంట్లో పడకుండా ఆ పది ఎలా విసిరారో, ఆ విద్యకు తొడగండి పెండేరం!"